సరంగు బాబాయి ‘మామూలు’

మా బాబాయిని ఎవరైనా ఒక డాక్టరు అన్‌ఫిట్ అని గట్టిగా తేల్చి చెబితే బాగుండునని ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులవి. నేనైతే పైసా ఖర్చు లేకుండా మూడో సెమిస్టర్‌లోనే ఆ మాట అనిపించుకుని కాలేజీ గేటు దాటాను. బాబాయికి మాత్రం ముగ్గురు డాక్టర్లు కావలసి వచ్చింది.

బాబాయంటే మా నాన్న తమ్ముడు. వీధిలో అందరికీ సరంగు. సరుకుల ఓడ మీద డెక్ పనివాళ్ళకి పెద్ద అన్నమాట. లంగరు దించడం, రేవులో మోకులు కట్టించడం, తుప్పు గీకించడం, రంగు వేయించడం, కొత్తగా చేరినవాళ్ళని తిట్టడం, అన్నీ ఆయన పనే. పైన కెప్టెన్ ఉంటాడు, కింద సముద్రం ఉంటుంది, మధ్యలో ఉన్నదంతా తనదే అన్నట్టు మాట్లాడతాడు. మనిషి గుమ్మానికి సరిపడా ఉంటాడు. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీద, మిగిలింది ఇంట్లో.

ఇంటికొచ్చినప్పుడల్లా ఆయనతో పాటు కొన్ని ఓడ బుద్ధులు కూడా దిగేవి. తినే కంచం కింద తడి తువ్వాలు పరిచేవాడు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు కంచాలు బల్ల మీంచి జారకుండా ఓడలో అలాగే పరుస్తారట. పడుకునేటప్పుడు దొర్లిపోకుండా రెండు పక్కలా దిండ్లు కూరుకునేవాడు. కాళ్ళు ఎడంగా వేసి, ఒక చెయ్యి గోడకి రాస్తూ నడిచేవాడు.

“కాపురం నాతో, కాళ్ళు మాత్రం దాంతో” అనేది మా పిన్ని. ఓడ ఆవిడకి సవతి కిందే లెక్క.

వారం తిరిగేసరికి తువ్వాలు దండెం మీదికి, దిండ్లు అటక మీదికి వెళ్ళిపోయేవి. బాబాయి మామూలు మనిషి అయ్యేవాడు.

ఓడ దిగినవాళ్ళకి కొన్నాళ్ళు నేల కూడా ఊగుతుంది. నెలల తరబడి అలలకి అలవాటు పడ్డ ఒళ్ళు గట్టు మీద కూడా వాటిని వెతుక్కుంటుందట. దాన్నెవరూ జబ్బనరు. ఓడవాళ్ళకి అదొక వేళాకోళం. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. వీధి చివర టీ కొట్టాయన ప్రతిసారీ, “ఏం సరంగూ, ఇంకా ఊగుతోందా?” అని అడిగేవాడు. “మామూలే” అనేవాడు బాబాయి.

ఆ ‘మామూలే’ దగ్గరే మా కొంప మునిగింది.

అసలు బాబాయి నోట్లోంచి వచ్చే మాటల్లో సగం అదే. ఓడ మీంచి ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నావంటే మామూలే. తుఫానులో చిక్కుకుని పచ్చి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా మామూలే. పెళ్ళైన కొత్తలో అమ్మాయి ఎలా ఉందిరా అని మా నాన్న అడిగినా అదే జవాబిచ్చాడట. దానికి పిన్ని ఇప్పటికీ కసి తీర్చుకుంటూనే ఉంది. అయితే ఈ మాట వెనక ఒక భయం ఉంది. ఓడ ఉద్యోగంలో ఒక్కో ప్రయాణానికి ఒక్కో ఒప్పందం. ఒంట్లో నలతగా ఉందని నోరు తెరిచినవాడికి మళ్ళీ పిలుపు రాదు. అందుకని ఓడవాళ్ళు ఒళ్ళు కాలిపోతున్నా బ్రహ్మాండంగా ఉందంటారు. మా బాబాయి మరీ అంత అబద్ధం ఆడలేక మామూలే అంటాడు.

ఆఖరి ప్రయాణంలో మొదట ఎడమ చెవిలో హోరు పుట్టింది. ఇంజను రొద అనుకున్నాడు. రేవులో ఇంజను ఆపాక కూడా హోరు ఆగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం, సముద్రం అద్దంలా ఉన్నప్పుడు, నిచ్చెన ఎక్కి రంగు ఎలా వేయాలో చూపిస్తున్నవాడు ఉన్నట్టుండి ఓడ బోర్లా పడుతోందని కేకేసి నిచ్చెనని కావలించుకున్నాడు. ఓడ అంగుళం కదల్లేదు. పడింది బాబాయి. ఎత్తు తక్కువ కాబట్టి ఎముకలు మిగిలాయి. కానీ డెక్ మీద ఒకటే వాంతులు. వంటవాడు నిమ్మకాయ ముక్క తెచ్చిచ్చి, “సరంగు గారికి ఇవాళే సముద్రం పరిచయమైందిరోయ్” అని ఓడంతా చాటింపు వేశాడు. అందరూ పగలబడి నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. మళ్ళీ మళ్ళీ పడుతుంటే కెప్టెన్ నవ్వడం మానేసి తర్వాతి రేవులో దింపేశాడు. లోపలి చెవి దెబ్బతిందని అక్కడి ఆస్పత్రివాళ్ళు చెప్పారు. మనిషిని తూలకుండా నిలబెట్టేది అదేనట. విమానమెక్కించి ఇంటికి పంపేశారు.

ఒప్పందం నడుస్తుండగా జబ్బుపడి, ఇక ఓడ ఎక్కలేని స్థితికొస్తే కంపెనీ పరిహారం ఇవ్వాలి. అది ఒప్పందంలోనే ఉంది. కాకపోతే ముందు కంపెనీ డాక్టరు చూసి చెప్పాలి. కొన్ని నెలలు మందులు వాడాక బాబాయి ఆయన దగ్గరికి వెళ్ళాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది, అంతా వినపడుతోంది.

“తల తిరుగుడు ఎలా ఉంది?”

“మామూలే సార్.”

“నడకో?”

“అదీ మామూలేనండి.”

“చెవిలో హోరు?”

“మామూలే.”

ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. బయట బెంచీల నిండా జనం, లోపల ఫ్యాను కూడా సరిగ్గా తిరగడం లేదు. మూడు చోట్లా నార్మల్ అని రాసి, ఓడ ఎక్కవచ్చని సంతకం గీకేశాడు. బాబాయి చెప్పింది వేరు. తిరుగుడు మామూలే అంటే ఎప్పట్లాగే గిర్రున తిరుగుతోందని. హోరు మామూలే అంటే రాత్రీ పగలూ హోరుమంటూనే ఉందని. ఒకటే మాట, అన్నవాడికి ఒక అర్థం, విన్నవాడికి ఇంకో అర్థం. తన మాటకి రెండో అర్థం ఉందని బాబాయికి తట్టలేదు. ఏ మామూలని డాక్టరూ అడగలేదు. నా చేతిలో ఉంటే ఇద్దరికీ చెరొకటి తగిలించేవాణ్ణి.

ఇంటికి రాగానే పిన్ని గుమ్మంలోనే ఆపింది. “ఏమన్నారు?”

“ఫిట్టట” అన్నాడు బాబాయి, గోడ పట్టుకుని.

“గోడ పట్టుకుని నిలబడ్డవాడు ఫిట్టేంటి?”

“గోడ గట్టిగానే ఉంది కదే.”

పిన్ని నవ్వలేదు. ఫిట్ అంటే ఏమిటో ఆవిడకి మా అందరికంటే ముందు అర్థమైంది. ఫిట్టయినవాడికి పరిహారం లేదు. పిలుపొస్తే ఓడ ఎక్కాలి. ఎక్కితే నిచ్చెనలూ ఎక్కాలి. ఈసారి కింద డెక్కే ఉంటుందన్న నమ్మకం లేదు, నీళ్ళుండొచ్చు. ఎక్కనంటే తనంతట తనే పని మానుకున్నట్టు. అప్పుడు ఇల్లు గడిచే దారి లేదు.

మర్నాడే ఓడవాళ్ళ సంఘం ఆఫీసుకి పోయాం. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు ఓడల్లో వంట చేసి, ఇప్పుడు ఇలాంటి తగాదాలు చూస్తున్నాడు. కాగితాలన్నీ తిప్పి చూసి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

“ఏమయ్యా సరంగూ, డాక్టరు ముందు కూర్చుని మామూలే అన్నావా?”

“అన్నాను.”

“ఆఫీసుల్లో మామూలంటే ఒకటే అర్థం. అది ఇస్తే కాని పనైనా అవుతుంది. నువ్విచ్చిన మామూలుతో అయ్యే పని కూడా చెడిపోయింది కదయ్యా!”

ఆయనే దారి చెప్పాడు. మన తరఫున ఇంకో డాక్టరుకి చూపించుకోవచ్చు. ఇద్దరి మాటా కలవకపోతే, రెండు పక్షాలూ ఒప్పుకున్న మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ మాటే ఆఖరి మాట. దాని మీద అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. రెండో డాక్టరు బాబాయిని చూసి ఓడ పనికి పనికిరాడన్నాడు. మీ డాక్టరు మీ పాటే పాడతాడు కదా అంది కంపెనీ. ఇక మిగిలింది మూడో డాక్టరు.

అక్కణ్ణించి మా ఇంట్లో రిహార్సల్స్ మొదలయ్యాయి. పిన్ని మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని, గరిటె పట్టుకుని బల్ల అవతల కూర్చునేది.

“చెప్పండి సరంగు గారూ, తల ఎలా ఉంది?”

“మామూ…”

గరిటె లేచేది.

“తిరుగుతోందండి డాక్టరమ్మగారూ.”

“ఎప్పుడెప్పుడు?”

“మీరు ప్రశ్నలు వేసినప్పుడు మరీ ఎక్కువండి.”

“ఒరేయ్, మీ బాబాయికి చెప్పరా! ఇది ఆటనుకుంటున్నాడు” అని నా మీద పడేది పిన్ని.

ఆట అనుకోవడం లేదు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చున్నప్పుడు నాతో అన్నాడు. “ప్రతి ప్రయాణానికి ముందూ పరీక్షలుంటాయిరా. ఫిట్ అనిపించుకోడానికి ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవాణ్ణి. ఇన్నేళ్ళూ అదే చదువు. ఇప్పుడు ఇంకొకరి ముందు నిలబడి, నేను పనికిరానండీ అని నా నోటితో నేనే చెప్పాలా?”

“కాలేజీలో నేను అనిపించుకోలేదూ? నాకేమైంది?”

“నీకు సిగ్గు లేదు కదరా.”

అది నిజమే కాబట్టి ఊరుకున్నాను.

మూడో డాక్టరు ఆవిడ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, బల్ల మీద టీ చల్లారబెట్టుకుని, నింపాదిగా మాట్లాడే మనిషి. గదిలో ఒక పక్క బరువు చూసే మిషను, ఇంకో పక్క ఇనప బీరువా. మేం నలుగురం వెళ్ళాం, సంఘం పెద్దాయనతో కలిపి. కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చి గోడవారగా నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే, పర్వాలేదు మేడం అన్నాడు. చేతిలో పెన్ను, కాగితాల అట్ట.

“ఎలా ఉంది సరంగు గారూ?” అంది డాక్టరు.

“మామూలేనండి” అన్నాడు మా బాబాయి.

పిన్ని కళ్ళు మూసుకుంది. సంఘం పెద్దాయన సీలింగు వైపు చూశాడు. టై ఆయన పెన్ను అప్పుడే పరుగు మొదలెట్టింది. ఇన్ని రోజుల గరిటె తర్వాత కూడా, సమయానికి ఆయన నోట్లోంచి ఊడిపడింది అదే. అక్కడికక్కడే లేచి అరిచేవాణ్ణి. పిన్ని నా చొక్కా పట్టుకుంది.

డాక్టరు మాత్రం ఏమీ రాసుకోలేదు. టీ పక్కకి జరిపింది.

“మామూలంటే?”

బాబాయి తెల్లమొహం వేశాడు. ఆ మాటకి అర్థం చెప్పమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి. పిన్ని వంక చూశాడు, గోడ వంక చూశాడు.

“మామూలంటే… నేల ఊగుతుందండి. పొద్దున లేచేసరికి లంగరేసిన ఓడలా మెల్లిగా ఉంటుంది. తల ఎడమ పక్కకి తిప్పానంటే ఎదురుగాలిలో పడ్డట్టే. స్నానం కూర్చునే చేస్తాను. మొహానికి సబ్బు రాసుకోనండి. కళ్ళు మూస్తే గోడ ఎటుందో తెలీదు. కంచం కింద తువ్వాలు లేకపోతే అన్నం తినలేను.”

“కంచం కదలదు కదా?”

“కదలదని తెలుసండి. కానీ జారిపోతున్నట్టే ఉంటుంది. ఒక చేత్తో అదిమి పట్టుకుని తినాలి. తువ్వాలుంటే కాస్త ధైర్యం. పడుకునేటప్పుడు దిండ్లూ అందుకే.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“వచ్చిన దగ్గర్నించీ. రోజూ ఇంతేనండి. మామూలే.”

నా చొక్కా పట్టుకున్న చెయ్యి వదులైంది. పిన్ని డాక్టరు వైపు తిరిగింది. “ఆ తువ్వాలు…” అంది. “ఎప్పుడూ వారానికల్లా తీసేసేవాడమ్మా. ఈసారి తీయలేదు. ఓడ బుద్ధి ఇంకా వదల్లేదనుకున్నాను. రోజూ నేనే ఉతికి నేనే ఆరేశాను. ఎందుకు తీయలేదని ఒక్క పూటైనా అడగలేదు.”

నేనూ రోజూ ఆ బల్ల దగ్గరే తిన్నాను. తువ్వాలు తడి నా మోచేతికి తగిలితే విసుక్కున్నాను కూడా.

టై ఆయన గొంతు సవరించుకున్నాడు. “మేడం, ఇదంతా ఆయన చెబుతున్నదే కదా. రుజువంటూ…”

“చూద్దాం. సరంగు గారూ, చెప్పులు విప్పి ఇలా నాకెదురుగా నిలబడండి. రెండు చేతులూ ముందుకి చాపండి. కళ్ళు మూసుకుని ఉన్నచోటే అడుగులు వేయండి. కదలొద్దు. నేను ఆపమనేదాకా వేస్తూనే ఉండాలి.”

“ఇంతేనా?” అన్నాడు బాబాయి. ఆ మొహంలో వెలుగొచ్చింది. మళ్ళీ ఫిట్ అనిపించుకోవాలన్న పాత రోగం లేచినట్టుంది. పొట్ట లోపలికి లాక్కున్నాడు, ఛాతీ విరిచాడు, కళ్ళు మూసుకున్నాడు. కవాతులా అడుగులు మొదలెట్టాడు.

మొదట బాగానే ఉంది. తర్వాత ఆయన పాదాలు కొద్దిగా ఎడమకి జరిగాయి. ఇంకొంచెం. గడియారం ముల్లు జరిగినట్టు, మనిషి మొత్తం నెమ్మదిగా తిరగడం మొదలెట్టాడు. చాపిన చేతులు పిన్నిని దాటాయి, బరువు మిషను దాటాయి. నేను పట్టుకోబోతే డాక్టరు వేలు చూపించి ఆపేసి, తనే వెళ్ళి ఆయన వెనకాల కాచుకుని నిలబడింది. బాబాయి ధీమాగా కవాతు చేస్తూనే ఉన్నాడు. చివరికి ఆ రెండు చేతులూ టై ఆయన భుజాల దాకా వెళ్ళాయి. ఆయన గోడకి కరుచుకుపోయాడు.

“ఆపండి. కళ్ళు తెరవకుండా చెప్పండి. ఎటు చూస్తున్నారు?”

“ఇంకెటండీ, మీ కుర్చీవైపే” అన్నాడు బాబాయి, చిరునవ్వుతో.

“ఇప్పుడు కళ్ళు తెరవండి.”

తెరిచాడు. ముక్కుకి ఎదురుగా టై.

“మీరెప్పుడొచ్చారండీ ఇక్కడికి?”

“నేను కదల్లేదు సార్” అన్నాడు టై ఆయన, ఉన్నదున్నట్టు. “నేనిక్కడే ఉన్నాను. మీరే తిరిగారు.”

డాక్టరు వెళ్ళి కుర్చీలో కూర్చుంది. “రుజువు అడిగారు కదా. మీ నోటితోనే చెప్పారు. రాసుకోండి.”

సంఘం పెద్దాయన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. టై ఆయన కూడా ఒక క్షణం ఆగి నవ్వేశాడు. “రాస్తాను మేడం” అన్నాడు.

బాబాయి మాత్రం గది నడుమ అలాగే ఉండిపోయాడు. “తిరిగానా?” అని నన్నడిగాడు. తల ఊపాను. “చుక్కాని పట్టుకున్న రోజుల్లో ఒక్క డిగ్రీ తప్పేవాణ్ణి కాదురా” అన్నాడు మెల్లిగా. పిన్ని లేచి వచ్చి చెప్పులు ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

తర్వాత కళ్ళకి నల్లటి అద్దాలు తగిలించి ఒక పరీక్ష, చెవికి గొట్టాలు పెట్టి ఒక పరీక్ష చేశారు. అన్నింట్లోనూ ఒకటే తేలింది. చివరికి డాక్టరు అందరి ముందూ చెప్పింది. ఒప్పందం నడుస్తుండగా వచ్చిన జబ్బు, ఓడ పని చేస్తూ ముదిరిపోయిన జబ్బు. ఇక ఓడ మీద పని వద్దు, నిచ్చెన వద్దు, ఎత్తు వద్దు.

“ఒడ్డున కట్టేసిన పడవో?” అన్నాడు బాబాయి.

“వద్దు.”

“పోనీ ఇంట్లో స్టూలు?”

“అదీ వద్దు.”

“అదా సంగతి!” అంది పిన్ని. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. “వంటింట్లో బల్బు మార్చమని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నానో! రేపు రేపంటూ తిప్పుతుంటే బద్ధకమనుకుని నానా మాటలూ అన్నాను.”

“భయమేసిందే” అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా లోపలికి లాక్కుని ఉంచిన పొట్టని ఒక్కసారిగా వదిలేసినట్టు నిట్టూర్చాడు. ఫోన్ మోగినప్పుడల్లా కంపెనీ పిలుపేమోనని ఒళ్ళు చల్లబడేదట. నాన్న చేసినా, పాలవాడు చేసినా అదే దడ. ఓడెక్కడానికి ఉవ్విళ్ళూరే మనిషి ఓడంటే వణికిపోతున్నాడని ఎవరికి చెబుతాడు? చెబితే నమ్మేదెవరు? “ఇక మోగనీ” అన్నాడు ఫోన్ చూసి. “ఎంతసేపైనా మోగనీ.”

వీధిలోకి రాగానే పిన్ని భుజం మీద చెయ్యి వేశాడు. గోడ కోసం వెతకలేదు.

“అబ్బా, ఏంటిది నడివీధిలో? అందరూ చూస్తున్నారు.”

“చూడనీయవే. అన్‌ఫిట్ మనిషిని.”

“ఆ మాట మళ్ళీ అను.”

“అన్‌ఫిట్.”

“ఇంకోసారి.”

వెనకాల నడుస్తున్న నాకు వాళ్ళిద్దరి నవ్వూ వినిపిస్తూనే ఉంది. నేను కాలేజీ నుంచి ఇదే బిరుదుతో వచ్చిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సరే, దాని సంగతి వదిలేయండి.

పరిహారం ఊరికే రాలేదు. కంపెనీ ఇంకో రెండు మెలికలు పెట్టింది, సంఘం పెద్దాయన వాటిని విప్పాడు. వచ్చాక మొదట అప్పులు తీర్చారు. మిగిలినదాంతో బాబాయి రేవు దారిలో మోకులూ టార్పాలిన్లూ అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పని. తెగిన మోకుని అతుకు తెలియకుండా పేనేస్తాడు. దానికి చేతివేళ్ళు చాలు, చెవితో పని లేదు. కళ్ళు తిరిగినా వేళ్ళు తిరగవు అంటాడు. బల్బు నేను మార్చాను. డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దున్నే గోడకి ఆనుకుని తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం చేస్తాడు. పక్కన పిన్ని గరిటెతో కాపలా.

తడి తువ్వాలు ఇంకా బల్ల మీదే ఉంది. ఇప్పుడు దాన్ని పిన్నే తడిపి, పిండి, అన్నం వడ్డించేలోపు పరుస్తుంది.

మొన్న కొట్టుకి వెళ్ళి, “ఎలా ఉంది బాబాయ్?” అన్నాను.

“మామూ…” అని నోరు తెరిచాడు. లోపలి నుంచి పిన్ని గాజుల చప్పుడైంది. గొంతు తగ్గించాడు.

“ఎడమవైపు కొంచెం అల ఉందిరా. మధ్యాహ్నానికి సర్దుకునేట్టుంది. కూర్చో, టీ చెబుతాను.”